రెండో వైపు కోసే ముందు

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,



వరంగల్ పాత సెంట్రల్ జైలు స్థలంలో 2021 జూన్‌లో శంకుస్థాపన జరిగిన 24 అంతస్తుల ఆసుపత్రికైనా, దశాబ్దాలుగా ఈ ప్రాంతపు పేదలకు దిక్కుగా ఉన్న ఎంజీఎం ఆసుపత్రికైనా, ఏ విభాగానికి ఏ యంత్రం కావాలన్న జాబితాలు చివరికి మీ శాఖ దగ్గరికే వస్తాయి. ఆ జాబితాల్లో స్కానర్లు, వెంటిలేటర్ల మధ్య ఎవరి కంటా పడని ఒక చిన్న యంత్రం గురించి ఈ లేఖ రాస్తున్నాను. థైరాయిడ్ గడ్డ తీసేటప్పుడు గొంతు నరం పనిచేస్తున్నదీ లేనిదీ చెప్పే నర్వ్ మానిటర్ అది. దాన్ని కొనవద్దని నేను అనడం లేదు, కొనాలనే అంటాను. అయితే యంత్రం హెచ్చరించినప్పుడు సర్జన్ సగంలో ఆగాల్సి వస్తుంది. ఆ ఆగడానికి మన పథకాల్లో, మన బిల్లుల్లో, మన ఆసుపత్రుల లెక్కల్లో చోటుండాలి. అది లేకుండా యంత్రం ఒక్కటే వస్తే రోగికి దక్కే రక్షణ చాలా తక్కువ. ఈ మాటనే ఆధారాలతో మీ ముందు పెడుతున్నాను.

థైరాయిడ్ గ్రంథి మెడ ముందు భాగాన శ్వాసనాళాన్ని రెండు పక్కలా అంటిపెట్టుకుని ఉంటుంది. దాని వెనక, శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య ఉండే సందులో, ఒక్కో పక్క ఒక్కో నరం పైకి పాకుతుంది. డాక్టర్లు దాన్ని రికరెంట్ లారింజియల్ నర్వ్ అంటారు. మెదడు నుంచి దిగే వేగస్ నరానికి అది కొమ్మ. దాని దారి విచిత్రమైనది. గొంతు దగ్గర ఆగకుండా కిందికి దిగిపోయి, ఎడమ వైపు గుండె మీది బృహద్ధమని వంపును, కుడి వైపు చేతికి రక్తం తీసుకుపోయే ధమనిని చుట్టి, వెనక్కి తిరిగి స్వరపేటికను చేరుతుంది. మందం రెండు మిల్లీమీటర్లుంటే గొప్ప. కొత్తవాడ మగ్గం మీది నూలుపోగును తలపించే ఆ తెల్లటి నరం మీదుగా కొందరిలో రక్తనాళం పోతుంది, కొందరిలో కిందుగా పోతుంది, ఇంకొందరిలో దాని చీలికల మధ్య నుంచే పోతుంది. గడ్డ బాగా పెరిగి ఛాతీలోకి దిగినా, క్యాన్సర్ చుట్టూ అతుక్కున్నా, పాత ఆపరేషన్ మచ్చ బిగుసుకున్నా ఆ నరం పుస్తకంలో చూపిన చోట దొరకదు. ఏళ్ళ తరబడి గడ్డను మెడలో మోసి, ముద్ద దిగనప్పుడు మాత్రమే ఆసుపత్రి గడప తొక్కే మనుషులు మన జిల్లాలకు కొత్త కాదు. కష్టమైన మెడలు మన దగ్గర తక్కువేమీ కాదని గుర్తుపెట్టుకుని ఈ విషయం చూడాలి.

ఒక వైపు నరం దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది, మాటలో గాలి కలుస్తుంది, గుక్కెడు నీళ్ళకే పొలమారుతుంది, గట్టిగా దగ్గి కఫం తీయడం కూడా కష్టమవుతుంది. చాలామందిలో కొన్ని వారాలకో నెలలకో గొంతు తిరిగొస్తుంది. కొందరికి ఎప్పటికీ రాదు. రెండు వైపులా దెబ్బతింటే కథ వేరు. స్వరతంతులు రెండూ దగ్గరగా వచ్చి కదలకుండా నిలిచిపోతాయి, ఊపిరే ఆడదు, మెడకు రంధ్రం చేసి ట్యూబు పెట్టాల్సి రావచ్చు. ఎనుమాముల మార్కెట్లో పాట పెట్టి వేలం నడిపే మనిషికి, బడిలో పాఠం చెప్పే టీచరమ్మకు, ఒగ్గుకథ చెప్పే కళాకారుడికి, బస్సులో కేకేసి ఊళ్ళ పేర్లు చెప్పే కండక్టరుకు గొంతే బతుకుదెరువు. థైరాయిడ్ జబ్బులు మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో చాలా ఎక్కువ. కాబట్టి ఈ నష్టంలో ఎక్కువ భాగం ఆడవాళ్ళదే. గొంతు బొంగురుపోయిన ఆడమనిషి ఆ సంగతి డాక్టరుకు చెప్పుకోవడానికి మళ్ళీ బస్సెక్కి వరంగల్ వస్తుందన్న భరోసా లేదు.

ఈ నరానికి స్వరంతో ఉన్న సంబంధాన్ని రెండో శతాబ్దంలోనే గేలన్ అనే వైద్యుడు జంతువుల మీద ప్రయోగం చేసి చూపాడు. థైరాయిడ్ ఆపరేషన్‌ను ప్రాణాంతకమైన సాహసం స్థాయి నుంచి మామూలు చికిత్స స్థాయికి తెచ్చినవాడు స్విట్జర్లాండ్ సర్జన్ థియోడోర్ కొకర్. 1909లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. 1938లో అమెరికా సర్జన్ ఫ్రాంక్ లేహీ, నరాన్ని తప్పించుకుని పోవడం కాదు, ప్రతి ఆపరేషన్లోనూ వెతికి కళ్ళారా చూసి కాపాడాలని వాదించాడు. నేటికీ పునాది అదే. నరాన్ని కంటితో గుర్తించడానికి బదులుగా వాడే యంత్రం ఏదీ లేదు. మానిటర్ తయారుచేసేవాళ్ళు కూడా అలా అనరు. మరి యంత్రం ఎందుకంటే, కంటికి ఒక పరిమితి ఉంది. నరం దెబ్బతినే సందర్భాల్లో ఎక్కువ భాగం కత్తి తెగడం వల్ల కాదు. గ్రంథిని పక్కకు లాగి పట్టుకున్నప్పుడు నరం సాగుతుంది, లేదా పక్కనే రక్తనాళాన్ని మాడ్చే వేడికి కమిలిపోతుంది. అలా దెబ్బతిన్న నరం చూడ్డానికి తెల్లగా, చెక్కుచెదరకుండా అలాగే కనబడుతుంది. అనుభవమున్న సర్జన్ కూడా నరం బాగుందని రాసి మెడ మూసేస్తాడు. నిజం తర్వాత రోగి గొంతు విప్పినప్పుడు తెలుస్తుంది.

యంత్రం పనిచేసే తీరు కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే దాని బలమూ బలహీనతా రెండూ ఆ తీరులోనే ఉన్నాయి. మత్తు ఇచ్చాక ఊపిరి కోసం గొంతులోకి దింపే ట్యూబు మీదే ఎలక్ట్రోడ్లు అమర్చి ఉంటాయి. అవి సరిగ్గా రెండు స్వరతంతులకూ ఆనుకోవాలి. సర్జన్ సన్నని ప్రోబ్ కొనతో నరాన్ని తాకి ఒకటి రెండు మిల్లీఆంపియర్ల కరెంటు పంపిస్తే తంతువు కండరం ముడుచుకుంటుంది, ఆ స్పందనను ట్యూబు పట్టుకుంటుంది, తెర మీద అల లేచి యంత్రం చప్పుడు చేస్తుంది. ఎక్కడ తాకాలన్నది కీలకం. నరం కింది భాగంలో దెబ్బతిని ఉండగా, దానికి పైన, స్వరపేటికకు దగ్గరగా తాకితే అంతా బాగున్నట్టే మోగుతుంది. అందుకే 2011లో అంతర్జాతీయ నిపుణుల బృందం ప్రకటించిన మార్గదర్శకాలు గడ్డ తీయక ముందు ఒకసారి, తీశాక మరోసారి వేగస్ నరాన్నే తాకి చూడాలన్నాయి. మొదట 500 మైక్రోవోల్టులకు పైన ఉన్న అల చివర్లో 100 కంటే కిందికి పడితే సిగ్నల్ పోయినట్టు లెక్క. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా స్వరపేటికను చూసి ఉండాలన్నది కూడా ఆ పద్ధతిలో భాగమే. చాలామంది మర్చిపోయేది ఈ చివరి మాటనే.

ఇక ఆధారాల సంగతి. పోలండ్‌లోని క్రాకోలో మార్చిన్ బార్చిన్‌స్కీ బృందం వెయ్యి మంది రోగులను రెండు సమానమైన గుంపులుగా చేసి జరిపిన అధ్యయనం 2009లో వెలువడింది. ఒక గుంపులో సర్జన్లు కంటితో మాత్రమే నరాన్ని చూశారు, రెండో గుంపులో యంత్రం కూడా వాడారు. ఒక్కో గుంపులో వెయ్యి నరాలు. తాత్కాలికంగా దెబ్బతిన్నవి యంత్రం లేనిచోట 38, ఉన్నచోట 19. శాశ్వతంగా పోయినవి యంత్రం లేనిచోట 12, ఉన్నచోట 8. తాత్కాలిక నష్టం సగానికి తగ్గిందన్నది లెక్కకు నిలిచింది. శాశ్వత నష్టంలో తేడా మాత్రం కాకతాళీయం కాదని చెప్పగలిగేంత పెద్దది కాదు. అంతకుముందు 2004లో జర్మనీలో హెన్నింగ్ డ్రాలే బృందం దాదాపు 30 వేల నరాల సమాచారం పోల్చి చూసినా కంటి చూపు కంటే యంత్రం స్పష్టంగా మెరుగని తేలలేదు. 2019లో పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష ఐదు అధ్యయనాలను, 1,558 మంది రోగులను కలిపి చూసి, మేలనిగానీ కాదనిగానీ తేల్చి చెప్పడానికి ఆధారం చాలదని రాసింది. ఈ ఫలితాలు చూసి యంత్రం పనికిరాదనేవారున్నారు. నేను ఆ మాట అనను. శాశ్వత నష్టం వందలో ఒకరిద్దరికి జరిగే చోట తేడా నిరూపించాలంటే అధ్యయనంలోకి రోగులు వేలల్లో, లక్షల్లో కావాలి. అంతమందిని ఇలా రెండు గుంపులుగా పంచి ఎవరూ చేయలేదు. కానీ అదే కారణంగా, యంత్రం పెడితే చాలు గొంతు భద్రమని ప్రచారం చేసే హక్కు కూడా ఏ ఆసుపత్రికీ లేదు. ప్రైవేటు ఆసుపత్రుల ప్రకటనలను మీ శాఖ ఈ కంటితో చూడాలని కోరుతున్నాను.

యంత్రం వల్ల హాని ఉందా అన్నది తర్వాతి ప్రశ్న. 2008లో బ్రిటన్‌లోని చికిత్సా మార్గదర్శకాల సంస్థ నైస్ దీన్ని పరిశీలించి, పెద్ద ప్రమాదాలేవీ కనబడలేదని, రెండోసారి చేసే ఆపరేషన్లలోనూ పెద్ద గడ్డల్లోనూ కొందరు సర్జన్లకు ఇది ఉపయోగపడుతోందని, రోగి సమ్మతి తీసుకుని ఫలితాలను సమీక్షించుకుంటూ వాడుకోవచ్చని చెప్పింది. నిజమే, నరాన్ని తాకే ఆ చిన్న కరెంటు వల్ల హాని జరుగుతుందని భయపడనక్కర్లేదు. కానీ ప్రమాదం కరెంటులోనే ఉండాలని లేదు. 2022లో మెడ్‌ట్రానిక్ కంపెనీ నిమ్ మానిటర్‌తో వాడే కొన్ని రకాల ట్యూబుల రీకాల్‌ను అమెరికా వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అత్యంత తీవ్రమైన తరగతిలో చేర్చింది. ఆ ట్యూబు చివరి బుడగ సిలికాన్‌తో చేసింది. గాలి ఎక్కువైతే అది ఉబ్బి ట్యూబు మూతికి అడ్డుపడి ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉందని తేలింది. స్వరాన్ని కాపాడటానికి పెట్టిన వస్తువే శ్వాసకు అడ్డు కావచ్చన్నమాట. మామూలు ట్యూబుకు అలవాటుపడిన చేతితో ఈ ట్యూబుకు గాలి కొట్టకూడదని మత్తు డాక్టరుకు, ఆయన పక్కనుండే టెక్నీషియన్‌కు ముందే ఎవరో ఒకరు నేర్పాలి.

అలాగే వేగస్ నరానికి ఎలక్ట్రోడ్ తగిలించి ఆపరేషన్ పొడుగునా నిఘా పెట్టే పద్ధతి మరొకటి వచ్చింది. 2015లో అమెరికాలో డేవిడ్ టెర్రిస్ బృందం తొమ్మిది మంది రోగులతోనే తమ అధ్యయనాన్ని ఆపేసింది. ఒకరిలో రక్తపోటు, గుండె లయ అదుపు తప్పడం, మరొకరిలో వేగస్ నరమే తాత్కాలికంగా దెబ్బతినడం చూసి, మామూలుగా అందరికీ ఇది వాడకూడదని రాశారు. జర్మనీలోని హాలే నగరపు సర్జన్లు మాత్రం వెయ్యికి పైగా నరాల మీద ఇదే పద్ధతి వాడి అలాంటి హాని చూడలేదని, పైగా నరం సాగుతున్నప్పుడే హెచ్చరిక అందుతోందని చెప్పారు. ఇద్దరిదీ నిజాయితీగల అనుభవమే అనుకుంటాను. ఎంతో అలవాటైన చేతుల్లో మేలు చేసినది కొత్త చేతుల్లో కీడు చేయగలదని నాకు అర్థమవుతోంది. వరంగల్‌లో మొదలుపెట్టేది కొత్త చేతులతో. కాబట్టి అప్పుడప్పుడు తాకి చూసే మామూలు పద్ధతితో మొదలుపెట్టాలి.

వీటన్నిటి కంటే పెద్ద ప్రమాదం తప్పుడు ధైర్యం. కండరాలు వదులయ్యే మందు ప్రభావం మిగిలి ఉంటే నరం బాగున్నా యంత్రం మోగదు. మెడ వెనక్కి వాల్చినప్పుడు ట్యూబు ఒక అంగుళం జరిగినా మోగదు. అంటే సిగ్నల్ పోయిన ప్రతిసారీ నరం పోయినట్టు కాదు. అది రెండు మూడుసార్లు జరిగితే థియేటర్లో ఉన్నవాళ్ళకు యంత్రం మీద నమ్మకం పోతుంది; నాలుగోసారి నిజంగా నరం దెబ్బతిన్నప్పుడు కూడా ‘ట్యూబు జరిగి ఉంటుందిలే’ అనుకుని ముందుకు పోతారు. ట్యూబు ఒక్కసారి వాడి పారేయాల్సినది, ఖరీదు వేలల్లో. సరఫరా ఆగిపోతే దాన్నే కడిగి మళ్ళీ వాడాలన్న ఒత్తిడి ఎక్కడైనా పుడుతుంది. యంత్రం ఒకసారి కొంటే అయిపోయే ఖర్చు కాదిది. ప్రతి రోగికీ ఒక కొత్త ట్యూబు రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ ఏటేటా కొని పంపగలిగితేనే యంత్రం తెప్పించండి. లేకపోతే ఆ డబ్బు వేరే చోట ఖర్చుపెట్టడం మేలు.

ఇంత చెప్పాక కూడా యంత్రం కావాలని ఎందుకంటున్నానంటే, అది ఒక ఘోరాన్ని ఆపగలదు. గ్రంథి మొత్తం తీసే ఆపరేషన్లో ఒక వైపు పూర్తయ్యాక సర్జన్ రెండో వైపుకు తిరుగుతాడు. సరిగ్గా ఆ క్షణంలో యంత్రాన్ని అడగాలి. మొదటి వైపు సిగ్నల్ ఉంటే ఆ నరం పనిచేస్తున్నదని చాలా నమ్మకంగా చెప్పవచ్చు. పోతే మొదట ట్యూబు చూడాలి, మందు ప్రభావం చూడాలి, ఇంకా ముట్టని రెండో వైపు వేగస్‌ను తాకి యంత్రం పనిచేస్తున్నదో లేదో తేల్చుకోవాలి, లాగి పట్టుకున్నదేదైనా ఉంటే వదిలేసి 20 నిమిషాలు ఆగాలి. అప్పటికీ రాకపోతే రెండో వైపు ఆ రోజు ముట్టకూడదు. మెడ మూసేయాలి. 2018లో అదే అంతర్జాతీయ బృందం తన కొత్త మార్గదర్శకాల్లో ఒక భాగం మొత్తాన్ని ఈ సమస్యకే కేటాయించి, ఇలా రెండు దఫాలుగా చేయడాన్ని గట్టిగా సిఫారసు చేసింది. ఒక నరం కోలుకునే దాకా రెండో నరానికి గండం తేకపోతే రోగి గొంతు బొంగురుతో బయటపడతాడు. మెడకు రంధ్రం తప్పుతుంది. అధ్యయనాల సగటు లెక్కల్లో ఈ ప్రయోజనం సరిగా కనబడదు. రెండు వైపులా నరాలు పడిపోవడం అరుదు కనుక సగటులో అది కరిగిపోతుంది. కానీ అది జరిగిన మనిషికి అది సగటు కాదు.

ఇక్కడే మీ సంతకం అవసరమవుతుంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవాడిని ఆపరేషన్ టేబుల్ దాకా తెచ్చింది. 2023 డిసెంబరులో దాని పరిమితిని కుటుంబానికి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. మంచి పని. అయితే ప్యాకేజీ పద్ధతి స్వభావమే, అనుకున్న ఆపరేషన్‌కు ఇంత అని డబ్బు కట్టడం. గ్రంథి మొత్తం తీస్తామని అనుమతి తీసుకున్న ఆసుపత్రి సగంలో ఆగితే ఏ లెక్కన బిల్లు పెట్టాలి? రెండు మూడు నెలల తర్వాత అదే రోగి మిగతా సగానికి వస్తే మళ్ళీ అనుమతి ఎంత సులువుగా రావాలి? ఈ ప్రశ్నలకు అందరికీ తెలిసిన జవాబు లేకపోతే, ఆపరేషన్ మధ్యలో నిలబడిన సర్జన్ మీద కనబడని ఒత్తిడి పడుతుంది. ఆగమని యంత్రం చెప్తుంది, పూర్తిచేయమని బిల్లు చెప్తుంది. ప్యాకేజీ డబ్బు వైద్యాన్ని ఎటు మళ్ళించగలదో అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల విషయంలో ఉమ్మడి రాష్ట్రం చూసింది. కాబట్టి సిగ్నల్ పోయినందువల్ల ఆగిన ఆపరేషన్‌కు, తెర మీది అల ప్రింటు, స్వరపేటిక పరీక్ష కాగితం పెడితే చాలు, మొదటి దఫాకు న్యాయమైన మొత్తం, రెండో దఫాకు ప్రత్యేక అనుమతి ఇస్తామని ఆరోగ్యశ్రీ ట్రస్టు చేత రాతపూర్వకంగా చెప్పించండి. రోగి రెండోసారి వచ్చిపోయే చార్జీలు, కోల్పోయే కూలి గురించి కూడా అందులో ఒక మాట ఉండాలి. సగంలో ఆగవచ్చన్న సంగతి ఆపరేషన్‌కు ముందే రోగికి తెలుగులో, అర్థమయ్యే మాటల్లో చెప్పి సంతకం తీసుకోవాలి. మెలకువ వచ్చాక ‘సగమే చేశాం’ అని వింటే ఎవరికైనా మోసపోయామనే అనిపిస్తుంది. డాక్టర్ల మీద చేయిచేసుకునే దాకా పోయే గొడవల్లో చాలా వాటికి ఇలాంటి చెప్పని మాటలే మూలం.

క్యాన్సర్ ఉన్నప్పుడు సగంలో ఎలా ఆగుతారని ఒక అభ్యంతరం వస్తుంది. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువ భాగం నెమ్మదిగా పెరిగేవే; కొన్ని వారాల ఆలస్యం వాటిలో రోగి ఆయుష్షును మార్చదు. శ్వాసనాళాన్ని నొక్కేస్తున్న గడ్డ, ఉధృతంగా పాకే క్యాన్సర్ వేరు. అక్కడ ముందుకు వెళ్ళాల్సి రావచ్చు. ఆ నిర్ణయం థియేటర్లో ఉన్న డాక్టరుదే. బిల్లు ఆ నిర్ణయంలో వేలు పెట్టకూడదన్నదే నా కోరిక.

రెండో కోరిక ఇంకా తక్కువ ఖర్చుది. థైరాయిడ్ ఆపరేషన్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ప్రతి రోగి స్వరతంతులనూ ఈఎన్‌టీ డాక్టరు చూసి కాగితం మీద రాయాలి. గొంతు మామూలుగా ఉందంటే తంతువు కదులుతున్నట్టే అనుకోవడం పొరపాటు. ఒక వైపు తంతువు కదలకపోయినా రెండోది సర్దుకుని మాట బాగానే వచ్చేవాళ్ళున్నారు. అలాంటి మనిషికి బాగున్న వైపు ఆపరేషన్ చేస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. 2009లో వెలువడిన ఒక సమీక్ష 27 పరిశోధన పత్రాలను, 25 వేల మంది రోగులను పరిశీలించింది. నరం తాత్కాలికంగా పడిపోవడం సగటున 9.8 శాతం, శాశ్వతంగా పోవడం 2.3 శాతం అని తేల్చింది. పరీక్షించే పద్ధతిని బట్టి తాత్కాలిక నష్టం 2.3 నుంచి 26 శాతం దాకా మారుతోందని కూడా చూపింది. స్వీడన్, డెన్మార్క్‌లలో 26 విభాగాల్లోని 3,660 మంది రోగుల నమోదు 2008లో అదే చెప్పింది. అందరినీ చూసిన చోట బయటపడిన కేసులు, గొంతు మారిందని చెప్పుకున్నవాళ్ళను మాత్రమే చూసిన చోట కంటే రమారమి రెట్టింపు. చూడని ఆసుపత్రికి నష్టం తక్కువున్నట్టు కనబడుతుంది. కాబట్టి ‘మా దగ్గర గొంతు పోయిన కేసులే లేవు’ అని ఎవరైనా మీతో అంటే, ఎంతమంది గొంతులు లోపలికి చూశారని అడగండి.

అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2013 మార్గదర్శకాలు గొంతు మామూలుగా ఉన్నవారందరికీ ఈ పరీక్ష తప్పనిసరి అనలేదు కదా అని నిపుణులు మీకు చెప్పవచ్చు. నిజమే. గొంతు మారినవాళ్ళకు, ముందే మెడకు ఆపరేషన్ జరిగినవాళ్ళకు, క్యాన్సర్ గ్రంథి దాటి పాకిందని అనుమానమున్నవాళ్ళకు చేయమన్నాయి. కానీ జర్మనీ సర్జన్ల సంఘం ముందూ తర్వాతా అందరికీ చేయాలంటుంది. మనం ఎటువైపు ఉండాలన్నది మన పరిస్థితిని బట్టి తేల్చుకోవాలి. డిశ్చార్జ్ అయ్యాక మళ్ళీ కనబడని రోగులు ఉన్నచోట, కష్టమైన గడ్డలు ఉన్నచోట, డిశ్చార్జ్‌కు ముందే ఒకసారి చూసేయడం తెలివైన పని. ఎంజీఎంలో ఈఎన్‌టీ ఓపీకి ఉండే రద్దీ తెలియక నేను ఈ మాట అనడం లేదు. ముక్కులోంచి సన్నని స్కోపు దింపి తంతులు చూడటానికి పట్టేది కొద్ది నిమిషాలే. దానికీ వీలుకాని రోజున మెడ మీద అల్ట్రాసౌండ్ పెట్టి తంతుల కదలిక చూసే పద్ధతి ఉంది. ముఖ్యంగా ఆడవాళ్ళలో అది చాలావరకు స్పష్టంగా కనబడుతుంది. అనుమానం వచ్చినవాళ్ళకే స్కోపు వేయవచ్చు. ఆరోగ్యశ్రీలో పరీక్షల కాగితాలు జతచేసి ముందస్తు అనుమతి తీసుకోవడం మొదటి నుంచీ ఉన్న పద్ధతే. ఆ జాబితాలో ఈ రెండు కాగితాలను తప్పనిసరి చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

యంత్రం అందరికీ వాడాలా, కొందరికేనా అన్నది మరో తగువు. రెండోసారి ఆపరేషన్, క్యాన్సర్, ఛాతీలోకి దిగిన గడ్డ, రెండు వైపులా తీయాల్సిన గ్రంథి, ముందే ఒక తంతువు పడిపోయిన మనిషి: వీళ్ళకు మొదట అందాలి. అయితే కష్టమైన కేసులకే తీస్తే చేయి తిరగదన్న సర్జన్ల మాటలో న్యాయముంది. సులువైన కేసుల్లో నేర్చుకున్నవాడే కష్టమైన కేసులో ఆ అలను చదవగలడు. అందుకని ఎక్కడ చేస్తారన్నది కూడా నిర్ణయించాలి. అమెరికాలో 2017లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ, గ్రంథి మొత్తం తీసే ఆపరేషన్లు ఏడాదికి 25 కంటే ఎక్కువ చేసే సర్జన్ల దగ్గర ఇబ్బందులు తగ్గుతున్నాయని చూపింది. ప్రతి జిల్లా ఆసుపత్రికీ ఒక మానిటర్ పంచితే అన్ని చోట్లా మూలన పడుతుంది. వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి జిల్లాల కేసులను ఒకచోటికి చేర్చి, ఇద్దరు ముగ్గురు సర్జన్లకు, ఇద్దరు మత్తు డాక్టర్లకు శిక్షణ ఇప్పించి, అక్కడ ఒక యంత్రం పెడితే అది పనిలో ఉంటుంది. మిగతా చోట్ల చిన్న నర్వ్ స్టిములేటర్‌తో నరాన్ని తాకి, స్వరపేటిక వెనక వేలు పెట్టి కండరం ఎగిరిందో లేదో తెలుసుకునే పాత పద్ధతి ఉంది. ఖరీదైన ట్యూబు దానికి అక్కర్లేదు, కాకతీయ మెడికల్ కాలేజీ పీజీలందరికీ అది నేర్పవచ్చు. ఆ వేలి కింద తెలిసే చిన్న కుదుపు ఎంత చదువు చెబుతుందో నేర్చుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

చివరి అభ్యంతరం లెక్కలు బయటపెట్టడం మీద. ఫలానా ఆసుపత్రిలో ఇంతమంది గొంతులు దెబ్బతిన్నాయని అచ్చయితే డాక్టర్లు కష్టమైన కేసులు తీసుకోరని, జనం మీదికొస్తారని భయం. ఆ భయానికి కారణాలున్నాయి. అందుకే ఏ డాక్టరు పేరూ పెట్టకుండా, కష్టమైన కేసులు ఎన్నో విడిగా చూపిస్తూ, శిక్షతో ముడిపెట్టకుండా విభాగం మొత్తానికి ఒక లెక్క అడుగుతున్నాను: ఎన్ని ఆపరేషన్లు, ఎంతమందిని ముందూ తర్వాతా చూశారు, ఎన్నిట్లో సిగ్నల్ పోయింది, ఎన్నిట్లో ఆగారు, ఆరు నెలలకు ఎన్ని గొంతులు తిరిగొచ్చాయి. ట్యూబు వల్లగానీ యంత్రం వల్లగానీ హాని జరిగితే 2015లో మొదలైన కేంద్ర ప్రభుత్వ మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి తెలపాలి. 2022 నాటి రీకాల్‌కు ముందు కూడా ఫిర్యాదులే అందాయి కదా. అలా రాసి పంపిన డాక్టరును మీ శాఖ మెచ్చుకోవాలి, సంజాయిషీ అడగకూడదు.

కాళోజీ పేరు పెట్టుకున్న ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఉన్నది మా ఊళ్ళోనే. మొదటి ఏడాది లెక్కల నమూనా పత్రం తయారుచేసే బాధ్యత ఆ విశ్వవిద్యాలయానికి, సగంలో ఆగిన ఆపరేషన్ బిల్లు నియమం రాసే బాధ్యత ఆరోగ్యశ్రీ ట్రస్టుకు, ట్యూబుల సరఫరా కొనుగోళ్ళ సంస్థకు మీరు అప్పగించవచ్చు. ఈ మూడింటిలో బిల్లు నియమం మొదట రావాలి. యంత్రం వరంగల్‌కు చేరడానికి టెండర్లు, తనిఖీలు అంటూ నెలలు పడతాయి. నియమం ఈ నెలలోనే రాయవచ్చు, కంటితో చూసి నరం మీద అనుమానం వచ్చి ఇవాళే ఆగాలనుకునే సర్జన్‌కు కూడా అది పనికొస్తుంది. ఈ లేఖ ప్రతులను విశ్వవిద్యాలయ వైస్ చాన్స్‌లర్ గారికి, ఆరోగ్యశ్రీ ట్రస్టుకు కూడా పంపుతున్నాను. మీ జవాబు ఏదైనా పత్రికా ముఖంగా ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక పౌరుడు